ఆకుపచ్చ గోడ

“జరుగక్కా.”

“జరగను.”

“నీకు దణ్ణం పెడతా, జరుగు.”

తమ్ముడి కుడిచేతిలో సుత్తి, ఎడమచేతిలో ఉలి. దణ్ణం ఏ చేత్తో పెడతాడో అతనికే తెలియాలి.

అక్కయ్య బట్టీ గదిలో వెనక గోడకు వీపు ఆనించి నిలబడింది. రెండు అరచేతులూ వెనక్కి పెట్టి ఆకుపచ్చ టైల్స్‌ను అదిమి పట్టుకుంది. ఉదయం ఎనిమిదిన్నర. తొలి వాయి బ్రెడ్ బయటికి వచ్చి అరగంటైనా గది ఇంకా సెగలు కక్కుతోంది. ఆమె మెడ మీంచి చెమట కారుతోంది. తుడుచుకోవాలంటే గోడ మీంచి చెయ్యి తియ్యాలి. తియ్యలేదు.

“నాలుగు టైల్సే తీస్తాను. నాలుగంటే నాలుగు.”

“నాలుగు తీస్తే నలభై రాలతాయి. తాత నాటి సున్నం అది. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.”

“అయితే నేను రాలిపోతాను. ఎవరో ఒకళ్ళు రాలక తప్పదుగా!”

నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గుగా మారింది. పిండి బల్ల అంచు పట్టుకుని వంగిపోయాడు. సుత్తి చేతిలో ఉంది గానీ, దాన్ని ఎత్తే ఓపిక లేదు. వీపు ఎగిరెగిరి పడుతుంటే అక్కయ్య గోడ వదిలేసి నీళ్ళ కోసం పరిగెత్తింది. ఆమె గ్లాసుతో వచ్చేసరికి మరదలు మేడ మీంచి దిగి వచ్చి అతని పక్కన నిలబడి ఉంది. బడికి వెళ్ళే చీర, భుజాన సంచి.

తమ్ముడు అక్క చేతిలో గ్లాసు తీసుకోలేదు. భార్య సంచిలోంచి తీసిన సీసా అందుకుని తాగాడు.

అక్కయ్య గ్లాసును బల్ల మీద పెట్టేసింది.

ఏడేళ్ళ దగ్గు అది. చలిగాలి అన్నారు, బట్టీ పొగ అన్నారు, వయసు అన్నారు. రెండు నెలల కిందట పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, పిండి అన్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా రోజూ పీల్చిన పిండి. గదిలో గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్ పెట్టించుకో, లేదా ఈ పని మానుకో, మూడో దారి లేదు అన్నాడు.

ఫ్యాన్ పెట్టాలంటే గోడకు కన్నం కొట్టాలి. ఒక గోడ అవతల దుకాణం. రెండు గోడలు ఇరుగుపొరుగుతో ఉమ్మడి. పైన కాపురం. వెనక సందు వైపున్నది ఈ గోడ ఒక్కటే. నేల నుంచి కప్పు దాకా ఆకుపచ్చ టైల్స్, టైలు టైలుకీ ఒక గోధుమ వెన్ను. తాత వేయించిన గోడ.

నిన్న సాయంత్రం పాత కట్టడాల శాఖవాళ్ళు దుకాణం తలుపుకి కాగితం అంటించి వెళ్ళారు. వీధి వైపు వంపు అద్దాలు, టేకు అల్మరాలు, పాలరాతి కౌంటరు, బట్టీ గది గోడ రక్షిత వస్తువులట. వీటిలో దేన్నీ కదపకూడదు, చెక్కకూడదు, మేకు కూడా కొట్టకూడదు. చివర్న, దరఖాస్తుదారు అన్నచోట, అక్కయ్య సంతకం.

“సంతకం పెట్టేముందు మాకొక్క మాట చెప్పాలనిపించలేదా వదినా?” అంది మరదలు. గొంతు పెంచలేదు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, తప్పు ఎక్కడుందో వేలుపెట్టి చూపించడం ఆమెకు అలవాటు.

“నాలుగు నెలలైంది నేను పెట్టి. అప్పటికి వాడిది ఉత్త దగ్గే.”

“తర్వాత ఉత్త దగ్గు కాదని తెలిసిందిగా?”

 అక్కయ్య దగ్గర ఉన్న జవాబు చెప్పేది కాదు.

తమ్ముడు సుత్తి, ఉలి బల్ల కింద పెట్టాడు. “రెండో వాయి పొంగిపోతోంది” అని పొడవాటి చెక్క పార అందుకున్నాడు. మరదలు ఆ రోజు బడికి వెళ్ళలేదు.

* * *

అక్కయ్యను వీధంతా అక్కయ్య అనే పిలుస్తుంది. ఆమె కన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు కూడా. తండ్రి పోయిన వారానికే, పదహారో ఏట కౌంటరు వెనక స్టూలు ఎక్కి కూర్చుంది. అప్పుడు తమ్ముడికి ఎనిమిదేళ్ళు. వాడికి అన్నం పెట్టింది, స్నానం చేయించింది, జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని అటు బన్నులు అమ్మింది. చదువుకోరా అంటే వాడు బట్టీ దగ్గర చేరి, ముసలి పనివాడి చేతి వంకే చూస్తూ కూర్చునేవాడు. పద్దెనిమిదేళ్ళకి ఆ పార వాడి చేతికి వచ్చింది.

రోజూ పొద్దున్నే ఆమె వంపు అద్దాలు తుడిచేది. తర్వాత పాలరాయి. తర్వాత అల్మరాల అంచులు, చెక్కడపు సందుల్లో వేలికి గుడ్డ చుట్టి. చివర్న బట్టీ గది గోడ. వీధిలో ఒక్కొక్క దుకాణమే తెల్ల లైట్లు, ప్లాస్టిక్ బోర్డులు తగిలించుకుంటూ పోయింది. ఈ కొట్టు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎందుకు తుడుస్తోందో ఆమెను ఎవరూ అడగలేదు, తనని తానూ ప్రశ్నించుకోలేదు.

నాలుగు నెలల కిందట వానకి తడిసిపోయి ఒకావిడ లోపలికి వచ్చింది. బన్ను కొనుక్కుంది గానీ కొరకలేదు. కప్పు వంక చూసింది. కౌంటరు మీద చెయ్యి పెట్టి, “దీన్ని ఎవరు తుడుస్తారండీ?” అంది.

“నేనే.”

“ఎన్నేళ్ళ నుంచి?”

“ముప్పై నాలుగు.”

“మీరు లేకపోతే ఇది మిగిలేది కాదు” అంది ఆవిడ, సంచిలోంచి కొలత టేపు తీస్తూ.

అంతే. ఆ మాట అంతవరకూ అక్కయ్యతో ఎవరూ అనలేదు. బన్ను ఆరిపోతోంది, తినండి అని మాత్రం అనగలిగింది. ఆవిడ పాత కట్టడాల శాఖ మనిషి, ఆ తర్వాత వారం వారం వచ్చేది. తలుపు, గడప, అద్దం వంపు అన్నీ కొలిచేది. పక్క కొట్టు గడియారాలాయన ఆవిడకి టేపమ్మ అని పేరు పెట్టాడు. “జాగ్రత్త అక్కయ్యా, కాసేపు కదలకుండా కూచుంటే నిన్ను కూడా కొలిచి రాసుకుపోతుంది” అనేవాడు.

అక్కయ్య నవ్వేది. కాగితం మీద సంతకం పెట్టమంటే నవ్వుతూనే పెట్టింది.

* * *

టేపమ్మ ఆ రోజు పదకొండింటికి వచ్చింది. చేతిలో గుడ్డలో చుట్టిన ఇత్తడి ఫలకం, రక్షిత కట్టడమని చెక్కినది. వీధి తలుపు పక్కన బిగించాలి.

“ఫోటో తీసుకుందామండీ, ఇంట్లో అందరూ...” అంటూ లోపలికి వచ్చి, కౌంటరు అవతల ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయింది.

మరదలే సంగతంతా చెప్పింది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని మోచేతుల దాకా ఉన్న పిండి దులుపుకుంటున్నాడు. టేపమ్మ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది.

“నాకెవరూ చెప్పలేదే” అంది.

“ఇప్పుడు చెప్పాంగా. చిన్న కన్నం. ఇంత.” మరదలు రెండు చేతులతో చూపించింది.

“ఆ గోడకి కుదరదండీ. అలాంటిది ఇంకెక్కడా మిగల్లేదు. పోనీ కప్పులోంచి గొట్టం వేసుకుంటామని అర్జీ పెట్టండి...”

“మా పడగ్గది మధ్యలోంచా?”

“...కమిటీ ముందు పెడతాను. ఆరు నెలలు పట్టొచ్చు.”

“ఆరు నెలలు ఊపిరి బిగపట్టుకుని ఉండమని చెప్పనా ఈయనకి?”

టేపమ్మ ముఖం ఎర్రబడింది. చెడ్డ మనిషి కాదు. ఇరుకున పడి, నోటికొచ్చిన మొదటి మాట అనేసింది. “అసలు అభ్యంతరాలకి నెల రోజులు గడువిచ్చాం కదండీ. రిజిస్టరు పోస్టులో పంపాం. అప్పుడు ఒక్క ముక్క రాసి పంపినా ఆ గోడని జాబితాలోంచి తీసేసేవాళ్ళం.”

 బయట ఎవరో తలుపు తోసి, లోపలి వాలకం చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

“ఎప్పుడు పంపారు?” తమ్ముడు అడిగాడు.

టేపమ్మ తేదీ చెప్పింది. డాక్టరు పిండి అన్న రోజుకి వారం తర్వాత.

“ఆ కాగితం నీకొచ్చిందా అక్కా?”

అక్కయ్య పాలరాతి మీద లేని మరకని బొటనవేలితో రుద్దింది.

“అక్కా, నిన్నే.”

“వచ్చింది.”

“చదివావా?”

“చదివాను.”

“మరి?”

“ఎన్నిసార్లు చదివానో! అల్మరాలో బ్రెడ్ కింద పరిచే కాగితం కింద పెట్టాను. రోజూ బ్రెడ్ సర్దుతూ, రేపు రాద్దాం అనుకునేదాన్ని. నీకు డాక్టరు ఇచ్చిన మందుతో తగ్గుతుందేమో, తగ్గితే గోడ ఉంటుంది, నువ్వూ ఉంటావు అనుకున్నాను.” ఆమె తల ఎత్తింది. “నేను వేరే ఏం చూసుకున్నానురా ఈ బతుక్కి? నువ్వూ, ఇదీ. రెండిట్లో ఒకటి వదులుకోమంటే చెయ్యి ఆడలేదు. నెల అయిపోయింది.”

అరుస్తాడనుకుంది. కసురుకుంటే బాగుండు అనుకుంది. అతను అరవలేదు. నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మడత మీద అరచేత్తో నిమిరి, కౌంటరు మీద ఆమె ముందు పెట్టాడు.

“రెండో వాయి దించేశాను. బన్నులు ఇంకో పావుగంటకి తియ్యి” అన్నాడు.

మరునాడు మధ్యాహ్నానికి భార్యాభర్తలిద్దరూ పెట్టెలు సర్దుకుని బడి పక్కనున్న టీచర్ల గదుల్లోకి వెళ్ళిపోయారు. మెట్లు దిగుతూ అతను బట్టీ గది వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో మెడ బిగుసుకున్న తీరులో అక్కయ్యకి కనబడింది.

* * *

బట్టీ చల్లారడానికి మూడు రోజులు పట్టింది. ఎనభై ఏళ్ళలో ఎప్పుడూ ఒక్క రోజు కూడా చల్లారని బట్టీ. మొదటి రోజు చెయ్యి పెడితే కాలింది. రెండో రోజు వెచ్చగా ఉంది. మూడో రోజు పొద్దున్న అక్కయ్య బట్టీ నోట్లో చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. రాయి.

“ఇంకో మనిషిని పెట్టుకోరాదూ?” అన్నాడు గడియారాలాయన. “చేసేవాళ్ళు దొరక్కపోరు.”

“ఆ గాలిలోకి ఎవరి బిడ్డని తొయ్యమంటారు బాబాయ్?”

ఆయన తన కొట్టుకి వెళ్ళిపోయాడు.

కొట్టు మాత్రం తెరిచేది. తెరవకపోతే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఫలకం పెట్టారు గదా, జనం రావడం మొదలుపెట్టారు. తలుపు తోసుకుని వచ్చి కప్పు వంక, అల్మరాల వంక చూసేవాళ్ళు. ఫోటోలు తీసుకునేవాళ్ళు. “మీరు కొంచెం పక్కకి జరుగుతారా అండీ?” అని అడిగేవాళ్ళు. ఆమె జరిగేది. బ్రెడ్ ఉందా అని ఎవరూ అడగలేదు. పాత ఖాతాదారులు రెండు రోజులు వచ్చి చూసి, మూడో రోజు నుంచి మానేశారు.

ఒక మధ్యాహ్నం టేపమ్మ కూడా ఉండగా ఒక జంట వచ్చింది. ఖాళీ అల్మరాల ముందు నిలబడి అతను, “బ్రెడ్ లేకపోవడమే నయం. చెక్కపని అంతా శుభ్రంగా కనబడుతోంది” అన్నాడు.

టేపమ్మ ఆ మాట విని అక్కయ్య వైపు తిరిగింది. అక్కయ్య ఖాళీ అరని తుడుస్తోంది. బ్రెడ్ సర్దేముందు తుడిచినట్టే, ఈ మూల నుంచి ఆ మూలకి.

టేపమ్మ సెలవు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ పది రోజులకి వచ్చింది, ఆయాసపడుతూ. మనిషి సగమైంది.

“మా పై అధికారి గది ముందు తొమ్మిది రోజులు కూచున్నానండీ. తొమ్మిదో రోజు నన్ను వదిలించుకోవడానికి సంతకం పెట్టాడు.” కాగితం చేతిలో పెట్టింది. “పన్నెండు టైల్స్. మా పనివాళ్ళే వచ్చి పగలకుండా తీస్తారు. ఫ్యాన్ పెట్టుకోవచ్చు. మీ తమ్ముడుగారిని పిలిపించండి.”

అక్కయ్య కాగితాన్ని చదవలేదు. టేపమ్మ చేతులు రెండూ పట్టుకుంది. తమ్ముడు వెళ్ళిన ఇరవై మూడు రోజుల తర్వాత ఏడ్చింది.

* * *

ఆదివారం సాయంత్రం ఆమె బడి వైపు వెళ్ళింది. చేతిసంచిలో కాగితం. దారంతా మాట కూర్చుకుంది. ముందు క్షమించరా అనాలా, ముందు కాగితం ఇవ్వాలా? కాగితమే ముందు. క్షమించరా అంటే వాడు ఏడుస్తాడు.

రెండో అంతస్తులో గది. తలుపు తీసే ఉంది. తమ్ముడు మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు.

అక్కయ్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఏడేళ్ళుగా వాడు వెల్లకిలా పడుకోగా చూడలేదు. నాలుగు దిళ్ళకి జారగిలబడి కూర్చునే కునికేవాడు. ఇప్పుడు ఒక్కటే దిండు. ఛాతీ నెమ్మదిగా పైకి లేస్తోంది, నెమ్మదిగా దిగుతోంది. గురక లేదు, పిల్లికూత లేదు. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో పడుకున్నప్పుడు ఇలాగే ఉండేవాడు.

ఎవరో ఉన్నట్టు తోచి కళ్ళు తెరిచాడు. “అక్కా!” అని లేచి కూర్చున్నాడు. గబుక్కున లేచినా దగ్గు రాలేదు.

“రెండు అంతస్తులు ఎక్కి వచ్చావా? మోకాళ్ళు?”

“బానే ఉన్నాయి. నువ్వెలా ఉన్నావు?”

“నేనా? బళ్ళో గంట కొడుతున్నాను. మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. గంట కొట్టడానికి ఏ శాఖ అనుమతీ అక్కర్లేదట, కనుక్కున్నాను.” నవ్వాడు. ఆ నవ్వు చివరిదాకా నవ్వుగానే ఉంది.

మరదలు టీ పెట్టింది. పళ్ళెంలో ప్యాకెట్ బ్రెడ్ ముక్కలు. తమ్ముడు ఒకటి తీసుకుని బొటనవేలితో నొక్కి చూశాడు. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. “దూది” అన్నాడు మెల్లగా. అయినా టీలో ముంచుకుని తిన్నాడు. అక్కయ్య కూడా తింది.

“తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుందక్కా. చేతులకి ఏం చెయ్యాలో తెలియదు. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ పెడతాను. ఇది నన్ను చూసి నవ్వుతుంది.”

మరదలు నవ్వడం లేదు.

“ఇంతకీ ఎందుకొచ్చావు? కొట్టులో ఏమన్నా అయిందా?”

అక్కయ్య సంచి ఒళ్ళో ఉంది. కాగితం అంచు వేలికి తగులుతోంది. ఇస్తే వాడు ఈ క్షణమే లేచి చెప్పులేసుకుంటాడు. రేపీపాటికి బట్టీ అంటుకుంటుంది. ఎల్లుండికి అల్మరాలు నిండుతాయి. వాడి ముఖంలో ఆ ఆత్రం ఆమెకు తెలుసు, ఎనిమిదేళ్ళప్పటి నుంచి తెలుసు.

వాడి ఛాతీ వంక చూసింది. అది హాయిగా లేస్తోంది, దిగుతోంది.

“ఊరికే. నిన్ను చూద్దామని” అంది.

కాసేపుండి లేచింది. మరదలు ఆమెతో పాటు మెట్లు దిగింది. కింద గేటు దగ్గర ఇద్దరూ ఆగారు.

“టేపమ్మగారు నిన్న నాకు ఫోన్ చేశారు వదినా. అనుమతి వచ్చిందటగా.”

అక్కయ్య సంచిని దగ్గరికి లాక్కుంది. “వాడికి చెప్పావా?”

“లేదు. మీరు చెబుతారేమోనని చూస్తూ కూచున్నాను. వణుకుతూ కూచున్నాను.” మరదలు మెట్ల వైపు చూసి గొంతు తగ్గించింది. “మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ఒక్కదాన్నే. ఫ్యాన్ పెడితే పర్వాలేదా అని అడిగాను. అప్పుడైతే సరిపోయేది, ఇప్పుడు కాదమ్మా అన్నాడు. ఇంక ఆ ఊపిరితిత్తులకి పిండి పొడే గిట్టదట. ఈయనకి చెప్పలేదు. చెబితే ఏమైపోతాడో.”

అప్పుడైతే. ఏ అప్పుడు?  అభ్యంతరం రాయకుండా పోయిన ఆ నెల ఇద్దరి మధ్యా నిలబడింది.

“పోయినసారి ఒక కాగితం దాచాను” అంది అక్కయ్య. “ఇది రెండోది.”

“దాచండి వదినా.” మరదలు ఆమె చెయ్యి పట్టుకుంది. పెళ్ళై వచ్చాక అలా పట్టుకోవడం అదే మొదలు. “మీ కాళ్ళు పట్టుకుంటాను, దాచండి.”

“బట్టీ ఇంకెప్పుడూ అంటుకోదు మరి.”

“తెలుసు.”

“నువ్వు వాడితో ఏం చెబుతావు?”

“మీరేం చెబితే అదే.”

అక్కయ్య సంచిలో చెయ్యి పెట్టి కాగితాన్ని మరింత అడుక్కి తోసింది. నోరు తెరవబోయింది.

పైన తలుపు చప్పుడైంది. మెట్ల మీద అడుగులు. ఆగకుండా, ఆయాసం లేకుండా, రెండేసి మెట్లు దిగుతున్న అడుగులు.

“అక్కా! వెళ్ళకు, ఆగు!” తమ్ముడి గొంతులో ఎక్కడ లేని హుషారు. “నేనూ వస్తాను. గడియారాలాయన ఇప్పుడే ఫోన్ చేశాడు, ఏదో అనుమతి వచ్చిందట, నిజమేనా?”